ఎవరి ముఖం చెక్కుతున్నాం?

ఆఫీసులో పొద్దస్తమానం కూర్చుని లెక్కలు సరిచూసే గుమాస్తాకు సాయంకాలం చేతులకు మరో పని ఏదైనా ఉండాలి. కొందరికి తోటపని, కొందరికి సంగీతం, కొందరికి చీట్లపేక. నాకు కొయ్య. పదిహేనేళ్ళుగా ఇంటి వెనక రేకుల పంచలో కూర్చుని బొమ్మలు చెక్కుకుంటున్నాను. వడ్రంగం మా ఇంట ఎవరికీ వృత్తి కాదు. నేను ఎవరి దగ్గరా నేర్చుకోనూ లేదు. మా అమ్మాయి చిన్నతనంలో దసరా కొలువుకు చిలుక కావాలని పేచీ పెడితే ఒకటి చెక్కి ఇచ్చాను. చూసినవాళ్ళందరూ అది కోడి అనుకున్నారు. అయినా ఆ వ్యసనం నన్ను వదలలేదు.

కొయ్య సంగతి కాస్త తెలిసిన తరువాత ఒక విషయం నాకు సంతోషం కలిగించింది. మన ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర, ఇక్కడ మా బెంగుళూరుకు దగ్గరలోని చన్నపట్నం బొమ్మలకు వాడే ఆలెమర, రెండూ ఒకటే చెట్టు. తాతల నాడే ఇల్లూ వాకిలీ విడిచి కన్నడ దేశంలో స్థిరపడిన మనబోటివారికి ఇది వినసొంపైన మాటే కదా! పేర్లు రెండు, కొయ్య ఒకటే.

కాని నేనిప్పుడు చెప్పదలచినది అంకుడు కర్ర గురించి కాదు. వేలమైళ్ళ దూరాన పసిఫిక్ మహాసముద్రపు ద్వీపాలలో పుట్టిన ఒక బొమ్మ గురించి, అది నాకు పెట్టిన పరీక్ష గురించి.

నిరుడు వేసవిలో ఒక ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. వాడు ఈ ఊళ్ళోనే ఒక హోటల్లో లెక్కలు చూస్తాడు. జేబులోంచి సెల్‌ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. మనిషి నడుమంత లావు మొద్దు. అందులో సగం తలే. గుడ్లగూబ కళ్ళు, పళ్ళికిలించిన నోరు, పొట్టమీద రెండు చేతులు, వంగిన మోకాళ్ళు.

“ఇదేమిట్రా?” అన్నాను.

“దీన్ని టికి అంటారు మామయ్యా. మా హోటలు మేడమీద కొత్తగా బారు తెరుస్తున్నారు. వాకిట్లో అటొకటీ ఇటొకటీ నాలుగడుగుల బొమ్మలు కావాలట. మీ పేరు చెప్పాను. రెంటికీ కలిపి ముప్ఫయి వేలు ఇస్తారు.”

నిజం చెప్పవద్దూ, ఆశ పుట్టింది. పదిహేనేళ్ళలో నా ఉలి ఒక్క రూపాయి తెచ్చిపెట్టలేదు. అమ్మాయికి పీయూసీ రెండో సంవత్సరం ఫీజు ఇరవై అయిదు వేలు నెల తిరిగేలోగా కట్టాలి. అయిదు వేలు బయానా పుచ్చుకున్నాను.

అమెరికాలో కాలిఫోర్నియా ప్రాంతంలో సరదాకు టికి బొమ్మలు చెక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు. వారు అక్కడి వీధుల్లో పెరిగే ఒక జాతి తాటిచెట్ల మొద్దులను వాడతారు. నాకు ఆ చెట్లు ఎక్కడివి? మా పక్కవీధిలో ఇల్లు కట్టడానికని ఒక కొబ్బరిచెట్టు కొట్టేశారు. రెండు మొద్దులు అడిగి తెచ్చుకున్నాను.

కొబ్బరిమొద్దును టేకులాగానో వేపలాగానో అనుకుని ఉలి పెడితే మోసపోతాం. దానిలో ఏటేటా పెరిగే వలయాలుండవు. చుట్టూ అంచు రాయిలా గట్టిగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ మెత్తన. కొయ్యంతా చీపురుపుల్లలను కట్టగట్టినట్లు పీచు. ఆ పీచు ఉలి అంచును తినేస్తుంది. అరగంటకొకసారి సానరాయి దగ్గరికి పోవలసిందే. పచ్చిగా ఉన్నప్పుడు చెక్కటం సులువు గాని, ఎండేటప్పుడు పగులుతుంది. అందుకని రెండు కొసలకూ కరిగించిన మైనం పూసి, ఎండ తగలకుండా నీడన నిలబెట్టాను.

ఇటువంటి పని మొదలుపెట్టాలనుకునే వారికోసం రెండు మాటలు. ముందు మొద్దు మీద పైనుంచి కిందికి బొగ్గుతో ఒక గీత గీయండి. ముక్కు ఆ గీత మీదనే రావాలి. గీత చెరిగినప్పుడల్లా మళ్ళీ గీయండి. లేకపోతే ముఖం పక్కకు తిరిగిపోతుంది. తరువాత కనుబొమల కింద, ముక్కు కింద, గడ్డం కింద రంపంతో అడ్డంగా కోతలు పెట్టాలి. ఉలితో చెక్కుకుంటూ వస్తే పెచ్చు ఆ కోత దగ్గరికి వచ్చి తెగిపోతుంది. కోత లేకుండా కొడితే పెచ్చుతోపాటు ముక్కూ ఊడివస్తుంది. ముందు బాడిసతో పెద్ద పెద్ద పెచ్చులు, తరువాత వెడల్పు ఉలి, ఆ తరువాత అంచు వంపు తిరిగిన ఉలి, చివరికి ఉప్పుకాగితం. అన్నిటికంటె ముఖ్యం: పట్టుకున్న చెయ్యి ఎన్నడూ ఉలి అంచుకు ముందుకు రాకూడదు. నా ఎడమ బొటనవేలికి మూడు కుట్లు పడిన తరువాత నేర్చుకున్న సత్యమిది.

మూడు వారాలు సాయంకాలాలన్నీ కూర్చుంటే మొదటి బొమ్మకు నోరు, ముక్కు, చేతులు వచ్చాయి. కళ్ళు మాత్రం మిగిల్చాను. మన శిల్పులు కూడా విగ్రహానికి కళ్ళు ఆఖరునే తెరుస్తారు. నాకూ ఆ అలవాటే. ఆకారం సరిగా వచ్చిందో లేదో తెలియక ఒక ఫొటో తీసి ఆక్‌లండులో ఉద్యోగం చేస్తున్న మా పినతండ్రి కుమారుడికి పంపించాను. న్యూజీలండులో ఉన్నాడు గదా, అతనికి తెలియవచ్చునని. అతను తనతో పనిచేసే ఒక మావోరి పెద్దమనిషికి చూపించాడట. మర్నాడు జవాబు వచ్చింది.

“అన్నయ్యా, పనితనం బాగుందన్నాడు. కాని ఒక ప్రశ్న వేశాడు. ఇది ఎవరి ముఖం అని అడిగాడు.”

ఎవరి ముఖమేమిటి? ఫోనులో కనబడిన ముఖం! ఇంతకంటె నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. నెలరోజులుగా చెక్కుతున్న ముఖం గురించి నాకు ఏమీ తెలియదన్న సంగతి అప్పుడు తెలిసింది. అప్పటినుంచి ఉలి పక్కన పెట్టి, ఆఫీసు వదిలాక గ్రంథాలయంలోనూ ఇంటర్నెట్టులోనూ చదవటం మొదలుపెట్టాను.

మావోరి జాతివారి అనేక గాథలలో టికి అంటే మొట్టమొదటి మనిషి. మార్క్వెసాస్ దీవులలోనూ ఆ పేరే. తహితిలో కొద్దిగా మారి తి-ఇ అవుతుంది, హవాయిలో కి-ఇ. ఆ మాట క్రమంగా మనిషి రూపంలో చెక్కిన బొమ్మలకు పేరయింది. కొన్ని బొమ్మలు దేవతలవి, చాలా మట్టుకు పూర్వీకులవి. మావోరివారి సమావేశ మందిరాలలో స్తంభం స్తంభానికీ ఒక పూర్వీకుడు ఉంటాడు; ప్రతివాడికీ పేరు ఉంటుంది, వంశం ఉంటుంది. గోడకు ఆనించిన వంశవృక్షమన్నమాట. పచ్చరాతితో చేసి మెడలో వేసుకునే చిన్న టికిని తల్లి బిడ్డకు, బిడ్డ మనుమరాలికి ఇచ్చుకుంటూ వస్తారు. తల అంత పెద్దదిగా చెక్కటం చేతకానితనం వల్ల కాదు. శరీరంలో తల పరమ పవిత్రమని, మనిషి శక్తి అంతా అక్కడ ఉంటుందని వారి నమ్మకం.

వారికి ఐరోపావారు వచ్చేవరకూ ఇనుము లేదు. రాతి బాడిసలతో, పచ్చరాతి ఉలులతో తోతరా వంటి కొయ్యలను చెక్కారు. బాడిసను మావోరి భాషలో తోకి అంటారు. పట్టుకునే తీరు మన వడ్రంగి బాడిసను పట్టుకునే తీరే. చెక్కేటప్పుడు కొన్ని నియమాలున్నాయి. రజనును నోటితో ఊదకూడదు. చెక్కుపేళ్ళను వంటపొయ్యిలో పెట్టకూడదు. ఇది చదివేసరికి నేను ఉలిక్కిపడ్డాను. నెలరోజులుగా నేను రజనును ఉఫ్ ఉఫ్ అని ఊదుతూనే ఉన్నాను. ఆ చెక్కుపేళ్ళతో మా ఇంటావిడ స్నానాలకు నీళ్ళు కాస్తూనే ఉన్నది!

తరువాత చదివినది ఇంకా బరువైన కథ. 1819లో హవాయిలో మొదటి కమేహమేహా రాజు చనిపోయాడు. ఆయన కుమారుడు పాత మతనియమాలను రద్దుచేశాడు. ఆలయాలలోని కొయ్యవిగ్రహాలను తగులబెట్టమని ఆజ్ఞ అయింది. తహితి చుట్టుపక్కల దీవులలో క్రైస్తవ మతం వ్యాపించి, ఉన్న విగ్రహాలు కాలిపోయినవి కాలిపోగా, మిగిలినవి మిషనరీల చేతికి వచ్చాయి. హవాయి దేవుడు కూ యొక్క నిలువెత్తు ఆలయ విగ్రహాలు మూడే మిగిలాయి. ఒకటి హొనొలులులోని బిషప్ మ్యూజియంలో, ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, ఒకటి అమెరికాలోని సేలం పట్నంలో. ఈ మూడింటినీ 2010లో హొనొలులులో ఒకచోట నిలబెట్టినప్పుడు, వాటిని చేసుకున్నవారి సంతతి వచ్చి చూసుకున్నది.

ఇంకొక విగ్రహం కథ మన మైసూరు సీమవారు తప్పక తెలుసుకోదగినది. రురుటు అనే చిన్న దీవిలో ఆ-ఆ అనే మూలపురుషుడి విగ్రహం ఉండేది. 1821లో ఆ దీవివారు మతం మార్చుకుని దాన్ని మిషనరీలకు అప్పగించారు. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఎత్తు నాలుగడుగుల లోపు. ఒంటినిండా 30 చిన్న చిన్న మనుషుల బొమ్మలు. కళ్ళు, ముక్కు, నోరు కూడా ఆ బుల్లి మనుషులే. తనలోంచి మనుషులను పుట్టించే తండ్రి అన్నమాట. ఇటీవల శాస్త్రజ్ఞులు దాని కొయ్యను పరీక్ష చేసి, గంధపుచెక్క అని తేల్చారు. మన దేవుడి గదిలో అరగదీసే గంధానికి చుట్టమైన చెట్టు అక్కడ మూలపురుషుడైనాడు!

ఇంత గంభీరమైన బొమ్మ బారు వాకిట్లోకి ఎట్లా వచ్చింది? అదీ చదివాను. 1930లలో హాలీవుడ్‌లో డాన్ బీచ్ అనే ఆయన, ఓక్లండులో విక్టర్ బెర్జెరాన్ అనే ఆయన దక్షిణ సముద్రాల దీవుల అలంకరణతో పానశాలలు తెరిచారు. వెదురు తడికెలు, చేపవలలు, రమ్ము కలిపిన పానీయాలు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ దీవులలో పనిచేసి వచ్చిన సైనికులకు ఆ అలంకారం నచ్చింది. 1947లో నార్వేవాడు థార్ హెయెర్డాల్ కాన్-టికి అనే తెప్ప మీద పెరూ నుంచి 101 రోజులు సముద్రంలో తేలుతూ పోయి పొలినీషియా చేరేసరికి, టికి అనే మాట లోకమంతా పాకింది. 1959లో హవాయి అమెరికాకు యాభయ్యవ రాష్ట్రమైంది. ఇక టికి లేని పెరడు లేదు, టికి లేని పానశాల లేదు. 1970ల తరువాత మోజు తగ్గినా 1990లలో మళ్ళీ లేచింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అమెరికాలో మొద్దులు చెక్కుకునే సరదామనుషులు చెడ్డవారని నా అభిప్రాయం కాదు. నాలాగే పగలంతా వేరే పనులు చేసి, సాయంకాలం ఉలి పట్టే సంసారులు వారు. వారిలో మ్యూజియాలకు పోయి అసలు విగ్రహాలను శ్రద్ధగా చూసి, ఏ దీవిది ఏ ముఖమో తెలుసుకుని చెక్కేవారూ ఉన్నారు. ద్వీపవాసులు కూడా తమ విద్యను పోగొట్టుకోలేదు. న్యూజీలండులో మావోరి నాయకుడు అపిరాన ఙాట చొరవతో 1927లో రోటొరువాలో చెక్కడపు పాఠశాల పెట్టారు. 1960లలో అక్కడే మళ్ళీ కొత్తగా ఒక సంస్థ ఏర్పడి నేటికీ యువకులకు ఉలి పట్టటం నేర్పుతున్నది. చెక్కటం తప్పు కాదు. ఎవరినో తెలియకుండా చెక్కటం దగ్గరే చిక్కు.

ఇదంతా చదివి నేను ఊగిసలాడుతూ ఉండగా మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. బల్లల మీదికి తెప్పించిన గ్లాసుల ఫొటో చూపించాడు. పింగాణీ గ్లాసులు, ప్రతిదీ ఒక టికి తల. నడినెత్తిన రంధ్రం, అందులో గొట్టం పెట్టుకుని తాగాలి.

మా ఇంటావిడ పుట్టిల్లు బరంపురం. చిన్నప్పటినుంచి ఏటా రథయాత్రకు పూరీ పోయి వచ్చిన మనిషి. 2015లో నవకళేబరానికి కూడా వాళ్ళ అమ్మానాన్నలతో వెళ్ళింది. వేపచెట్టును వెతికి, పూజచేసి, కొట్టి, ఎవరి కంటా పడకుండా కొత్త జగన్నాథుణ్ణి చెక్కే ఆ వైభవం గురించి ఎన్నోసార్లు చెప్పింది. ఆ ఫొటో చూసి ఆవిడ ఒకే మాట అన్నది:

“జగన్నాథుడి తలకు చిల్లిపెట్టి ఎవరైనా ఇట్లా తాగితే మనం ఊరుకుంటామా అండీ?”

జగన్నాథుడికీ గుండ్రని పెద్ద కళ్ళే, ఆయనా కొయ్యే. తెలియనివాడి కంటికి ఆయన కూడా వింత బొమ్మలాగే కనబడవచ్చు. నాకు ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది.

అయినా తేలికగా జరిగిందనుకోకండి. ఫీజు సంగతి ఇద్దరికీ తెలుసు. రెండు రోజులు ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. మూడోనాడు మేనల్లుణ్ణి పిలిచి, “వాకిట్లోకి టికి చెయ్యలేనురా. కావాలంటే ఇద్దరు కావడిమోతగాళ్ళను చేసి ఇస్తాను, తలపాగాలతో సహా” అన్నాను. వాడు యజమానిని అడిగి వచ్చాడు. ఆయనకు కావడిమోతగాళ్ళు అక్కరలేదట. బయానా తిరిగి ఇచ్చాను. “మాట ఇచ్చి నా పరువు తీశారు మామయ్యా” అని వాడు కొంచెం కష్టపెట్టుకున్నాడు. వాడి కష్టం న్యాయమైనదే. ముందు తెలుసుకుని తరువాత ఒప్పుకోవలసినవాణ్ణి నేను. ఫీజు ఆఫీసు సహకార సంఘంలో అప్పు తీసి కట్టాను. ఇంకా నాలుగు వాయిదాలు మిగిలి ఉన్నాయి. హోటలువారు ఫైబరు బొమ్మలు తెచ్చి పెట్టుకున్నారు.

పంచలో రెండో కొబ్బరిమొద్దు అట్లాగే ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా ఆ మావోరి పెద్దమనిషి ప్రశ్న వినబడేది. ఎవరి ముఖం? చివరకు అనిపించింది: చెక్కితే నాకు పేరు తెలిసిన ముఖం చెక్కాలి.

మా తాత 1946లో తాడిపత్రి నుంచి బెంగుళూరు వచ్చి ఒక బట్టల మిల్లులో చేరాడు. మేము ఇక్కడివాళ్ళం కావటానికి ఆయనే మూలం. నేను పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒకటే ఉన్నది: మిల్లువాళ్ళంతా కలిసి తీయించుకున్నది. అందులో తాత ముఖం కందిగింజంత. దాన్ని చూసి ఏమి చెక్కగలను? మల్లేశ్వరంలో ఉన్న మా మేనత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడకు డెబ్భయి ఎనిమిదేళ్ళు.

“అత్తా, తాత ముక్కు ఎట్లా ఉండేది?” అని అడిగాను.

ఆవిడ నవ్వింది. “ఇన్నాళ్ళకు మీ తాత ముక్కు గుర్తుకొచ్చిందేమిరా?” అని, ఇక చెప్పటం మొదలుపెట్టింది. ముక్కు పొడుగు, చివర కొంచెం వంపు. మిల్లులో బెల్టు తెగి తగిలిన మచ్చ ఎడమ కనుబొమ మీద. ముందరి పన్ను ఒకటి లేదు. అందుకని పెదవులు మూసుకునే నవ్వేవాడట. చెవులకు పోగులుండేవి, మా నాన్న చదువుకు అమ్మేశాడట. ఆ తరువాత చెవి తమ్మెలు ఖాళీగా వేలాడుతుండేవట. ఈ సంగతి మా నాన్న నాకు ఎన్నడూ చెప్పలేదు. బహుశా చెప్పలేకపోయాడేమో. నాలుగు ఆదివారాలు పోయి కూర్చున్నాను. ముక్కు కోసం వెళ్ళినవాడికి మనిషి దొరికాడు.

నాలుగు నెలలు పట్టింది. ఈసారి రజనును ఊదలేదు, కుంచెతో తుడిచాను. అది మన ఆచారమని కాదు, ఒకరి దగ్గర నేర్చుకున్న మర్యాద కాబట్టి. చెవి తమ్మెలు చెక్కేటప్పుడు ఒకటి విరిగింది, జిగురుతో అతికించాను. అవిసెనూనె పూసి మొన్న సంక్రాంతికి మేనత్తను పిలిచాను. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, “ముక్కు ఎక్కువైందిరా” అన్నది. తరువాత మూసిన పెదవుల మీద వేలు పెట్టి చాలాసేపు నిలుచున్నది. మేనల్లుడు కూడా వచ్చాడు. మచ్చ గురించి, పోగుల గురించి ఆవిడ చెబుతుంటే ఫోను జేబులో పెట్టి విన్నాడు.

మొదటి బొమ్మ కళ్ళు తెరవకుండానే పంచలో గోడకు ఆనుకుని ఉన్నది. దాన్ని పొయ్యిలో పెట్టటానికి నాకు మనసొప్పలేదు. కళ్ళు తెరిచే అధికారమూ నాకు లేదు.

మన పత్రిక చదివే కుటుంబాలలో ప్రతి ఇంటికీ ఒక తాతో ముత్తాతో ఉంటాడు: మూటతో, భార్యాబిడ్డలతో పొరుగుసీమకు వచ్చి దిగినవాడు. బరంపురమైనా, షోలాపూరైనా, మదరాసైనా కథ ఒకటే. వారి ముఖాలు ఎరిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. మీకు ఉలి పట్టే సరదా ఉంటే ఒక కొయ్యముక్క తెచ్చుకోండి. చిలుక చెక్కబోతే కోడి వచ్చినా ఫరవాలేదు. సరదా లేకపోయినా, ఒక ఆదివారం మీ ఇంటి పెద్దవారి దగ్గర కూర్చుని, ఆయన ముక్కు ఎట్లా ఉండేదని అడగండి.